కిడ్నీ కణితిని గడ్డకట్టిస్తే శరీరం మేల్కొంటుందా? జంతు ప్రయోగాలపై చర్చ

పెన్నాతీరం (బెళ్లందూరు, బెంగళూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. పిత్తాశయంలో రాళ్ల కోసం స్కాన్ తీయిస్తే ఎడమ కిడ్నీలో 2.8 సెంటీమీటర్ల కణితి బయటపడింది. గుండెకు ఇదివరకే రెండు స్టెంట్లు వేసి ఉన్నందున పెద్ద ఆపరేషన్ కన్నా, చర్మం గుండా సూదులు పంపి కణితిని గడ్డకట్టించే క్రయోఅబ్లేషన్ మేలని డాక్టర్లు సూచించారు. అంతవరకు మాకు అర్థమైంది.

ఈలోగా మా బాబాయి కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పంపారు. కణితిని గడ్డకట్టిస్తే అదే శరీరానికి టీకాలాగా పనిచేస్తుందని, ఒంట్లో ఇంకెక్కడ క్యాన్సర్ కణాలున్నా రోగనిరోధక శక్తి వెతికి చంపుతుందని, ఇది ఎలుకల్లో రుజువైందని అందులో ఉంది. అది చదివినప్పటి నుంచి అమ్మ ఆ మాటే పట్టుకుని కూర్చుంది. డాక్టరుగారిని అడిగితే, బయట ఇరవై మంది వేచి ఉన్నారు కనుక, "అవన్నీ ఇంకా ప్రయోగాలేనండీ" అని ఒక్క మాటతో ముగించారు. ఆయన్ను తప్పుపట్టను. కానీ ఆ ప్రయోగాలేమిటో, ఏ జంతువుల్లో చేశారో, నిజంగా ఏం తేలిందో తెలిసినవారు వివరంగా చెబితే మా ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను.

నీలినీడ (జయనగర్, బెంగళూరు)

పెన్నాతీరం గారూ, నేను రేడియాలజిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రోగనిరోధక శాస్త్రం నా రంగం కాదు కనుక దాన్ని ఇతరులకు వదిలి, గడ్డకట్టించినప్పుడు కణితిలో జరిగేది మాత్రం చెబుతాను. అది తెలియకపోతే తర్వాతి సంగతి అంతుపట్టదు.

చలితో కణితులను అదుపు చేయాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులో జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు 1840ల నుంచే, దంచిన మంచులో ఉప్పు కలిపి, బయటికి కనిపించే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల మీద ఉంచి నొప్పి, రక్తస్రావం తగ్గించాడు. ఉప్పు మంచుతో సుమారు మైనస్ 20 డిగ్రీల దాకానే పోగలం. 1961లో అమెరికాలో ఇర్వింగ్ కూపర్ అనే న్యూరోసర్జన్ ద్రవ నైట్రోజన్ పారే గొట్టాన్ని తయారు చేయించిన తర్వాత శరీరం లోపలి అవయవాలకూ దారి తెరుచుకుంది. ఇప్పుడు కిడ్నీకి వాడే సూదులు సుమారు 1.5 మిల్లీమీటర్ల మందమే ఉంటాయి. అధిక ఒత్తిడితో వచ్చే ఆర్గాన్ వాయువు సూది మొన దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి తీవ్రమైన చలిని పుట్టిస్తుంది. అదే దారిలో హీలియం పంపితే మొన వేడెక్కి మంచు కరుగుతుంది.

సీటీ తెర మీద ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. మొదటి రెండు నిమిషాల్లో సూది చుట్టూ సన్నని నల్లని తొడుగు కనిపిస్తుంది, ఆ తర్వాత అది కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బుతూ పోయి, బూడిదరంగు కిడ్నీ మధ్య గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో నిలబడుతుంది. అదే మంచుముద్ద. చూసేవారికి ఆ అంచు వరకూ కణితి చచ్చిపోయినట్టే అనిపిస్తుంది, కానీ అక్కడ ఉష్ణోగ్రత సుమారు సున్నా డిగ్రీలే. ఆ చలికి క్యాన్సర్ కణం చావదు. కుక్కల కిడ్నీల మీద 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మంచుముద్ద అంచు నుంచి 3.1 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తే గాని మైనస్ 20 డిగ్రీలు దొరకలేదు. కచ్చితంగా చంపాలంటే మైనస్ 40 చేరాలని చాలామంది అంటారు. అందుకే మంచుముద్దను కణితి అంచు దాటి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా పెంచుతాము, ఒకసారి గడ్డకట్టించి కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తాము.

ఈ ముద్దలో అన్ని కణాలూ ఒకే రీతిలో చావవు. సూది పక్కనే చలి వేగంగా పడుతుంది కనుక కణం లోపలే మంచు పలుకులు ఏర్పడి పొరను చీలుస్తాయి. కాస్త దూరంలో ముందు కణాల మధ్య ఉన్న నీరు గడ్డకడుతుంది, మిగిలిన ద్రవంలో లవణాలు చిక్కబడి కణంలోని నీటిని బయటికి లాగేస్తాయి. కరిగిన తర్వాత సన్నని రక్తనాళాల లోపొర దెబ్బతిని, కొన్ని గంటల్లో రక్తం గడ్డకట్టి, ఆ ప్రాంతానికి సరఫరా నిలిచిపోతుంది. అంచుల్లో కొన్ని కణాలు వెంటనే చావక, ఒకటి రెండు రోజుల్లో తమను తాము ముగించుకుంటాయి. ఈ చివరి రకం చావునే అపోప్టోసిస్ అంటారు. రోగనిరోధక కథలో దీని పాత్ర పెద్దదని విన్నాను.

సూక్ష్మదర్శిని (యశవంతపుర, బెంగళూరు)

నీలినీడ గారు నా పని సగం తగ్గించారు. నేను ఇక్కడ ఒక ప్రయోగశాలలో రోగనిరోధక శాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. కణితి రోగనిరోధక శాస్త్రమే నా విషయం కనుక కొంచెం విస్తరించి రాస్తాను, ఓపికతో చదవండి.

కణితిని తీసిపారేసే ఆపరేషన్‌లో దాని పదార్థమంతా పళ్లెంలోకి వచ్చేస్తుంది. గడ్డకట్టించినప్పుడు చచ్చిన కణితి అక్కడే ఉండిపోతుంది. దాన్ని శుభ్రం చేయవలసింది శరీరమే, ఆశ అంతా పుట్టింది ఇక్కడే. ఫ్రీజర్‌లో పెట్టిన పచ్చి చేపను బయట పెట్టి కరగనిస్తే పళ్లెంలో నీరు చేరుతుంది కదా, అది మంచు చీల్చిన కణాల్లోంచి కారిన ద్రవమే. చేప మాత్రం పచ్చి చేపగానే ఉంటుంది. ఉడికించిన చేపలో ప్రోటీన్ల ఆకారమే మారిపోతుంది. అలాగే, గడ్డకట్టి కరిగిన కణితి నుంచి దాని ప్రోటీన్లు చాలావరకు అసలు రూపంతోనే బయటికి వస్తాయి. వాటితోపాటు, మామూలుగా కణం లోపలే ఉండాల్సిన హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీను, డీఎన్‌ఏ తునకలు, హీట్ షాక్ ప్రోటీన్లు కూడా చిందుతాయి. ఇవి బయట కనిపించడమే రోగనిరోధక వ్యవస్థకు ప్రమాద సూచన.

ఆ సూచన అందుకునేవి డెండ్రిటిక్ కణాలు. వీటిని గుర్తించినందుకు రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఇవి కణితి ముక్కలను మింగి, దగ్గరలోని లింఫ్ గ్రంథికి ప్రయాణించి, అక్కడి టి కణాలకు, అంటే దాడి చేసే ఒక రకం తెల్లకణాలకు, "ఇదిగో, ఈ గుర్తున్నవాటిని వెతకండి" అన్నట్టు చూపిస్తాయి. ప్రమాద సూచనతో కలిపి చూపితే టి కణాలు దాడికి సిద్ధమవుతాయి. అది లేకుండా చూపితే, ఇది మనదే కాబోలు అని ఊరుకుంటాయి. నీలినీడ గారు చెప్పిన అపోప్టోసిస్‌లో కణం పొర చిరగకుండా, పొట్లం కట్టినట్టు ముగుస్తుంది కనుక ప్రమాద సూచన తక్కువ. అంటే ఒకే మంచుముద్ద నడిమి భాగం టి కణాలను లేపుతుంటే, అంచు భాగం జోకొట్టవచ్చు. రెంటిలో ఏది నెగ్గుతుందన్నదే యాభై ఏళ్లకు పైబడిన ఈ పరిశోధన సారాంశమని నా అభిప్రాయం.

చరిత్ర కూడా క్లుప్తంగా చెబుతాను. 1967లో అమెరికా శాస్త్రవేత్తలు కుందేళ్లలో ప్రోస్టేట్ వంటి జననాంగ గ్రంథులను గడ్డకట్టిస్తే, ఆ కణజాలానికి వ్యతిరేకంగా రక్తంలో యాంటీబాడీలు పుట్టాయని ప్రచురించారు. ఆ అధ్యయనానికి "క్రయోఇమ్యునాలజీ" అన్న పేరు పెట్టారు. 1970లో అదే బృందంలోని కొందరు, ప్రోస్టేట్ క్యాన్సరును గడ్డకట్టించాక దూరంలో ఉన్న కణితులు కూడా తగ్గిన రోగులను గురించి రాశారు. మీ బాబాయిగారి సందేశానికి ముత్తాత ఆ వ్యాసమే అనవచ్చు.

ఇక కిడ్నీ సంగతి. దాదాపు అన్ని ప్రయోగాలూ రెంకా అనే కణాలతో జరుగుతాయి. బాల్బ్‌-సి జాతి చిట్టెలుక కిడ్నీలో తనంతట తాను పుట్టిన క్యాన్సర్ నుంచి తీసిన కణాలివి. వీటి గురించిన వ్యాసం 1973లో వచ్చింది. వీటిని అదే జాతి చిట్టెలుక కిడ్నీ పైపొర కిందకు ఎక్కిస్తే రెండు మూడు వారాల్లో కణితి పెరుగుతుంది, ఆ తర్వాత ఊపిరితిత్తులకు పాకుతుంది. ఇలా కిడ్నీలోనే పెంచిన కణితిని గడ్డకట్టించి, రోగనిరోధక స్పందనను పరిశీలించిన ఒక అమెరికన్ అధ్యయనం 2010లో వచ్చింది. గడ్డకట్టిన చోటికి తెల్లకణాలు, వాటిలో టి కణాలు కూడా, పెద్దయెత్తున చేరడాన్ని అందులో నమోదు చేశారు. అంటే శరీరం కదిలింది, అందులో సందేహం లేదు.

పెన్నాతీరం

సూక్ష్మదర్శిని గారూ, చాలా కృతజ్ఞతలు. చేప ఉదాహరణతో అమ్మకు వెంటనే అర్థమైంది. అయితే బాబాయి చెప్పింది నిజమేనన్నమాట కదా?

ప్రశ్నార్థకం (మల్లేశ్వరం, బెంగళూరు)

తొందరపడకండి. నేను గణాంకశాస్త్రం బోధిస్తాను. ప్రయోగశాలలో పని చేయలేదు గాని, ప్రయోగాల రూపకల్పన మీద పాఠాలు చెప్పి ఇరవై ఏళ్లయింది. సూక్ష్మదర్శిని గారి వివరణలో తప్పులేదు, అయితే "టి కణాలు చేరాయి" అన్న మాటకూ "కణితి తగ్గింది" అన్న మాటకూ మధ్య ఉన్న దూరాన్ని వారు చాలా వేగంగా దాటేశారు.

మొదటి సంగతి, పోలిక దేనితో అన్నది. గడ్డకట్టించిన చిట్టెలుకకు కొన్ని వారాల తర్వాత రెండో పక్క అవే క్యాన్సర్ కణాలను ఎక్కిస్తారు. కొత్త కణితి పెరగకపోతే "రక్షణ వచ్చింది" అంటారు. కానీ కణితి కొన్నాళ్లు ఒంట్లో ఉన్నందువల్లే కొంత రక్షణ వచ్చి ఉండవచ్చు. కాబట్టి అదే సైజు కణితిని కత్తితో కోసి తీసేసిన చిట్టెలుకల గుంపు పక్కన లేకపోతే ఆ ఫలితానికి విలువ లేదు. ఆ గుంపు ఉన్న ప్రయోగాలూ ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ సేబెల్ బృందం 2005లో రొమ్ము కణితులున్న చిట్టెలుకల్లో ఇలాగే పోల్చి, గడ్డకట్టించినవాటికే ఎక్కువ రక్షణ దొరికిందని చూపింది. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ అది రొమ్ము కణితి, కిడ్నీ కాదు.

రెండోది, ఫలితాలన్నీ ఒకే దిక్కుగా లేవు. గడ్డకట్టించడం వల్ల రక్షణ రాకపోగా, తాత్కాలికంగా అణగారిందని చూపిన జంతు ప్రయోగాలు కూడా పాతకాలం నుంచీ ఉన్నాయి. వాట్సాప్ సందేశాల్లో అవి కనబడవు.

మూడోది చేప ఉదాహరణ గురించి. వేడితో ప్రోటీన్లు ఉడికిపోతాయి కనుక వేడి చికిత్స రోగనిరోధక స్పందన ఇవ్వదన్న భావన అందులో దాగి ఉంది. నెదర్లాండ్స్‌లోని నైమెహెన్‌లో డెన్ బ్రోక్ బృందం 2004 నుంచి చిట్టెలుకల మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణితుల మీద చేసిన పనిలో, రేడియో తరంగాలతో వేడిచేసి చంపిన కణితి నుంచి కూడా యాంటిజెన్లు, అంటే టి కణాలు గుర్తుపట్టే కణితి ముక్కలు, డెండ్రిటిక్ కణాలకు చేరాయి. ఉడికిన చేపకూ కొంత వాసన మిగులుతుందన్నమాట.

సూక్ష్మదర్శిని

ప్రశ్నార్థకం గారూ, మూడో అంశం ఒప్పుకుంటాను, నా ఉదాహరణ హద్దు దాటింది. రెండో అంశంలో మాత్రం మీరు సగంలో ఆగారు. ఫలితాలు ఎందుకు వేర్వేరుగా వచ్చాయన్నదానికి ఒక మంచి సమాధానం ఉంది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది అదే.

సేబెల్ బృందమే 2010లో ఇంకో పని ప్రచురించింది. ఒకే రకం కణితిని, ఒకే జాతి చిట్టెలుకల్లో, కొన్నింటిలో వేగంగా, కొన్నింటిలో నెమ్మదిగా గడ్డకట్టించారు. కణితి రెండు పద్ధతుల్లోనూ చచ్చింది. వేగంగా గడ్డకట్టించినవాటి లింఫ్ గ్రంథుల్లో ఆ కణితిని గుర్తించే టి కణాలు పెరిగాయి, ఊపిరితిత్తుల్లో వ్యాప్తి తగ్గింది. నెమ్మదిగా గడ్డకట్టించినవాటిలో, దాడిని అణచిపెట్టే నియంత్రక టి కణాలు పెరిగాయి. చికిత్స ఒక్కటే, క్యాన్సర్ ఒక్కటే, చలి పట్టిన వేగం ఒక్కటే తేడా. పాత ప్రయోగాల్లో ఒకరు ద్రవ నైట్రోజన్ దూదిని అద్దారు, ఒకరు లోహపు కడ్డీ వాడారు, ఒకరు కణితిలో సగమే గడ్డకట్టించారు. ఫలితాలు కలవకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ వేగం కాగితం మీద కనిపించినంత సులువుగా చేతికి లొంగదు. నేను చూసిన ఒక ప్రయోగం చెబుతాను. చిట్టెలుక బరువు పాతిక గ్రాములు ఉండదు, దాని కిడ్నీ చింతగింజ కన్నా కాస్త పెద్దది. మత్తు ఇచ్చి, వెచ్చని పలక మీద పడుకోబెట్టి, పక్క వెంట్రుకలు గీసి, చిన్న కోత పెట్టి కిడ్నీని మెల్లగా పైకి తీస్తారు. చల్లని మొన ఆనగానే ఎర్రని కిడ్నీ మీద తెల్లటి మచ్చ పుట్టి, రెప్పపాటులో సగానికి పాకుతుంది. అక్కడ ఐదు సెకన్లు ఎక్కువైతే చలి పేగుకు తగులుతుంది, ఐదు సెకన్లు తక్కువైతే అడుగున ఉన్న కణితి బతికిపోతుంది. మొన తీసేశాక ఆ తెల్లదనం కరిగి, ఆ చోటు ముదురు ఊదారంగులోకి మారే వరకూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంత చిన్న అవయవంలో "మధ్య భాగం", "అంచు" అన్న తేడాయే రెండు మూడు మిల్లీమీటర్లలో అయిపోతుంది. మనిషి కిడ్నీలో 3 సెంటీమీటర్ల కణితి చుట్టూ మంచుముద్ద పెరగడానికి పది నిమిషాలు పడుతుంది. సూది దగ్గర చలి వేగంగానూ, అంచు దగ్గర నెమ్మదిగానూ పడుతుంది. కనుక చిట్టెలుకలో "వేగం" మనిషిలో "వేగం" కాదు. ఇది నేను మీ వైపు నుంచి చెబుతున్న మాటే.

ఇంకొకటి. నైమెహెన్ బృందం 2006లో, గడ్డకట్టించిన కణితి దగ్గర సీపీజీ అనే పదార్థాన్ని కూడా ఇచ్చింది. అది బాక్టీరియా డీఎన్‌ఏను పోలి ఉండి టీఎల్‌ఆర్9 అనే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. గడ్డకట్టించడం ఒక్కటే చేసినప్పుడు వచ్చిన రక్షణ కొద్దిపాటిదే, రెండూ కలిసినప్పుడు బాగా పెరిగింది. 2012లో చిట్టెలుకల ప్రోస్టేట్ కణితుల మీద, గడ్డకట్టించడంతోపాటు, టి కణాలకు కళ్లెం వేసే సీటీఎల్‌ఏ-4ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే, రెండో పక్క పెట్టిన కణితి పెరుగుదల ఆగడమో మందగించడమో జరిగింది. ఆ యాంటీబాడీ ఆలోచనకే జేమ్స్ ఆలిసన్‌కు 2018 నోబెల్‌లో భాగం దక్కింది. రెంకా కిడ్నీ కణితుల్లోనూ 2019లో అలాంటి మరో కళ్లెమైన పీడీ-1 అడ్డగింపును గడ్డకట్టించడంతో కలిపి చూశారు. అక్కడ కూడా ఏ ఒక్కటీ విడిగా చేసినదానికన్నా కలయికే మెరుగు. అంటే చలి తలుపు తడుతుంది, గడియ తీయడానికి ఇంకో చెయ్యి కావాలి.

హెబ్బాళ పశువైద్యుడు (బెంగళూరు)

నేను చెన్నై వేపేరి కళాశాలలో చదివి, ఇప్పుడు హెబ్బాళలో ఉంటున్నాను. చర్చలో "జంతువులు" అని అందరినీ ఒకే గంపలో వేస్తున్నారు, ఏ జంతువు దేనికి సాక్ష్యమో విడదీయాలి.

పంది, కుక్క కిడ్నీలు పరిమాణంలో మనిషి కిడ్నీకి దగ్గరివి. అందుకే ఎంత చలికి ఎంత మేర కణజాలం చస్తుంది, మూత్ర మార్గానికి ముప్పుందా, గాయం ఎలా మానుతుంది అన్న ప్రశ్నలకు వాటి సమాధానం నమ్మదగినది. ఆ కిడ్నీల్లో గడ్డకట్టించిన చోట ముందు మృతకణజాలం, చుట్టూ తెల్లకణాల వలయం, వారాలు గడిచాక నారకణజాలపు మచ్చ కనిపిస్తాయి. కానీ అవి ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు. కణితే లేనప్పుడు కణితి మీద రోగనిరోధక స్పందన గురించి అవి ఏమీ చెప్పలేవు. కుందేళ్లలో వాడే వీఎక్స్2 కణితిని కిడ్నీలో పెంచవచ్చు, స్కాన్‌లో చూస్తూ సూది వేయడానికి అనువైన సైజులో ఉంటుంది. కానీ అది చర్మాన్ని ఆశించే పాపిలోమా వైరస్ నుంచి పుట్టిన క్యాన్సర్, కిడ్నీ క్యాన్సర్ కాదు. రోగనిరోధక ప్రశ్నకు పనికొచ్చే పరికరాలన్నీ, అంటే టి కణాలను రకాలుగా విడదీసి లెక్కపెట్టే యాంటీబాడీలు, జన్యువులు మార్చిన జాతులు, చిట్టెలుకలకే సమృద్ధిగా ఉన్నాయి. కాబట్టి ప్రశ్న ఎక్కడ ఉందో అక్కడికి కాక, దీపం ఎక్కడుందో అక్కడికే పరిశోధన వెళ్లింది.

ఆ చిట్టెలుకలు కూడా ఎలాంటివి? ఒకే జాతిలో తరతరాలుగా అన్నాచెల్లెళ్లను కలిపి పుట్టించినవి, రెండు నెలల వయసువి, రోగక్రిములు లేని గదిలో పెరిగినవి. మనుషుల్లో చిన్న కిడ్నీ కణితి సగటున ఏడాదికి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అన్నేళ్లలో అది చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలతో ఒప్పందానికి వచ్చేసి ఉంటుంది. మూడు వారాల రెంకా కణితికి ఆ వ్యవధి ఉండదు. 68 ఏళ్ల మనిషి, ఆరు దశాబ్దాల జలుబులూ జ్వరాలూ చూసిన ఒళ్లు, నెమ్మదిగా ముదిరిన కణితి. దీనికి అచ్చమైన జంతు నమూనా ఏదీ లేదని నేను ధైర్యంగా చెబుతాను.

ఇంకో విషయం దాచకూడదు. రోగనిరోధక స్పందన అంటే ఎప్పుడూ మేలే అనుకోవద్దు. పెద్ద ఎలుకల (ర్యాట్‌ల) కాలేయంలో సుమారు మూడోవంతు గడ్డకట్టించిన ప్రయోగంలో వాటి ఊపిరితిత్తులు వాచాయి, వేడితో అంతే భాగాన్ని కాల్చినప్పుడు అలా జరగలేదు. చచ్చిన కణాల్లోంచి ఒక్కసారిగా వెలువడిన పదార్థాలకు ఒళ్లంతా స్పందించడమే కారణం.

పెన్నాతీరం

డాక్టరు గారూ, ఈ చివరి పేరా చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నగారికి గుండె జబ్బు ఉంది. ఆయనకు అలాంటిది జరిగే ప్రమాదం ఉందా?

నీలినీడ

పెన్నాతీరం గారూ, ధైర్యంగా ఉండండి. ఆ పరిస్థితికి క్రయోషాక్ అని పేరు. మనుషుల్లో కూడా అది నమోదైంది, కానీ ప్రధానంగా కాలేయంలో పెద్ద పెద్ద భాగాలను గడ్డకట్టించిన రోజుల్లో. ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఊపిరితిత్తులు, కిడ్నీలు మొరాయించడం దాని లక్షణాలు. కిడ్నీలో 3 సెంటీమీటర్ల లోపు కణితికి గడ్డకట్టించే కణజాలం చాలా తక్కువ కనుక ఇది అత్యంత అరుదు. చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం, నీరసం ఉండవచ్చు. అది చచ్చిన కణజాలానికి శరీరం ఇచ్చే మామూలు స్పందన. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో, గుండె డాక్టరును, సూది వేసే డాక్టరును ఇద్దరినీ అడిగి వారు చెప్పినట్టే చేయండి. స్టెంట్లున్నవారు సొంతంగా మాత్రలు మానేయడం మాత్రం మంచు కన్నా ఎక్కువ ప్రమాదం.

నిర్వాహకురాలు

ఏదో పొడి తాగితే "క్రయో టీకా" బలపడుతుందంటూ ఫోన్ నంబరుతో వచ్చిన ఒక వ్యాఖ్యను తొలగించాను. చర్చ కొనసాగించండి.

ప్రశ్నార్థకం

హెబ్బాళ డాక్టరుగారు చెప్పినదానికి ఒక మాట కలపాలి. "టి కణాలు చేరాయి" అన్నది శుభవార్తగా వినిపిస్తుంది. చాలా క్యాన్సర్లలో కణితి లోపల సీడీ8 టి కణాలు (క్యాన్సర్ కణాలను నేరుగా చంపే రకం) ఎక్కువగా ఉంటే రోగి ఎక్కువ కాలం బతుకుతాడు. మనుషుల్లో ఎక్కువగా వచ్చే క్లియర్ సెల్ కిడ్నీ క్యాన్సర్‌లో మాత్రం ఆ సంబంధం తలకిందులుగా కనిపించింది, అక్కడ సీడీ8 కణాలు ఎక్కువగా ఉన్న కణితులు తరచూ చెడ్డవిగా తేలాయి. కణాలు వచ్చి అలసిపోయి కూర్చున్నాయన్నది ఒక వివరణ. కనుక గడ్డకట్టించాక టి కణాల సంఖ్య చూపించే బొమ్మలు నన్ను ఒప్పించవు. అవి పనిచేస్తున్నాయా అన్నది చూపాలి.

సూక్ష్మదర్శిని

ఇది చాలా మంచి అభ్యంతరం, మా బృందంలో కూడా తరచు దీని మీదే వాదించుకుంటాము. అయినా కిడ్నీ క్యాన్సరును వదిలేయలేనిది కూడా ఇందుకే. రోగనిరోధక వ్యవస్థను కదిలించి క్యాన్సరును తగ్గించవచ్చని మనుషుల్లో తొలినాళ్లలోనే చూపిన క్యాన్సర్లలో ఇదొకటి. టి కణాలను ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందుకు అమెరికాలో 1992లోనే కిడ్నీ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్‌కు 2015లో వచ్చింది. ప్రాథమిక కణితి ఉన్న కిడ్నీని తీసేశాక ఊపిరితిత్తుల్లోని మచ్చలు వాటంతట అవే మాయమైన అరుదైన రోగుల గురించి కూడా ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. అలసిపోయి కూర్చున్న టి కణాలను లేపగల మందులు ఇప్పుడు చేతిలో ఉన్నాయి. ఆ కణాలకు కొత్త యాంటిజెన్లను చూపగల చలి కూడా ఉంది. రెంటినీ కలిపి, వ్యాపించిన క్యాన్సర్ ఉన్నవారిలో పరీక్షించడం సబబే. జపాన్‌లో 2017లో కిడ్నీ క్యాన్సర్ రోగుల కణితిని గడ్డకట్టించక ముందు, తర్వాత తీసిన నమూనాల్లో టి కణాల రకాలను పోల్చారు. జంతువుల నుంచి మనిషి వైపు వేసిన అడుగు అది.

పెన్నాతీరం గారి నాన్నగారి పరిస్థితి వేరు. ఆయనకు ఎక్కడికీ పాకని ఒక చిన్న కణితి ఉంది. మంచుముద్ద దాన్ని పూర్తిగా కప్పితే, వేరే చోట వెతికి చంపాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. టీకా వస్తుందన్న ఆశతో ఈ చికిత్సను ఎంచుకోవద్దు. గుండెకు భారం కాకుండా, కిడ్నీలో ఎక్కువ భాగం మిగిలేలా చేస్తుందని ఎంచుకోండి. అంచు సరిగ్గా కప్పలేదంటే ఏ రోగనిరోధక శక్తీ దాన్ని పూడ్చలేదు.

నీలినీడ

ఆ చివరి వాక్యానికి నా పూర్తి మద్దతు. దాంతోపాటు పెన్నాతీరం గారు అడిగి తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. గడ్డకట్టించాక కణితి లోపలే ఉండిపోతుంది కనుక, అది ఏ రకమో చెప్పడానికి పాథాలజిస్టు చేతికి ఏమీ రాదు. సూదితో ముక్క తీసి చూసే బయాప్సీ ముందే జరగాలి. ఇంత చిన్న కణితుల్లో కొన్ని క్యాన్సరే కాకపోవచ్చు కూడా. రెండోది, తర్వాత తీసే స్కాన్ల గురించి. హెబ్బాళ డాక్టరుగారు పందుల్లో చెప్పిన ఆ తెల్లకణాల వలయం మనుషుల్లో కూడా మొదటి నెలల్లో కాంట్రాస్టు స్కాన్‌లో మచ్చ చుట్టూ సన్నని మెరుపుగా కనిపించవచ్చు. అది చూసి కణితి మిగిలిపోయిందని బెంబేలెత్తిన కుటుంబాలను చూశాను. సన్నగా, సమంగా ఉండి క్రమంగా తగ్గిపోయేది వాపు. ఒకచోట ముద్దగా ఉండి పెరిగేది అనుమానించాల్సింది. అందుకే స్కాన్లన్నీ ఒకే చోట, ఒకే పద్ధతిలో తీయించి పాతవాటిని దగ్గర పెట్టుకోండి.

పెన్నాతీరం

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న మళ్లీ డాక్టరుగారిని కలిశాము. ఈసారి నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. మంచుముద్ద కణితి అంచు దాటి ఎంత దూరం పెంచుతారు, బయాప్సీ ముందే చేస్తారా, గుండె మాత్రల సంగతేమిటి, మొదటి స్కాన్ ఎప్పుడు అన్నవి. ఆయన కుర్చీ మా వైపు తిప్పి కూర్చుని, తెర మీద నాన్నగారి స్కాన్ తెరిచి, పేగు ఎంత దగ్గరలో ఉందో, దాన్ని పక్కకు జరపడానికి మధ్యలో ద్రవం ఎలా ఎక్కిస్తారో చూపించారు. బయాప్సీ వచ్చే బుధవారం. ఫలితం వచ్చాకే మిగతా తేదీలు ఖరారు చేస్తారు.

బాబాయికి ఫోన్ చేసి, చిట్టెలుకల్లో జరిగిందేమిటో, వేగంగా, నెమ్మదిగా గడ్డకట్టించినప్పుడు వచ్చిన తేడా ఏమిటో నాకు అర్థమైనంతవరకు చెప్పాను. ఆయన చాలాసేపు విని, "అయితే ఆ మందు కూడా కలిపితేనే అన్నమాట" అన్నారు. అవును బాబాయ్, అదీ ఎలుకల్లో, అన్నాను. అమ్మ పక్కనుంచి ఫోన్ తీసుకుని చేప సంగతి మొదటి నుంచీ ఆయనకు వివరించింది.